రెండు సీసాలు, ఒక ముక్కు

పంచేంద్రియాలలో ముక్కుకు దక్కినంత అనాదరణ మరి దేనికీ దక్కలేదు. చూపు తగ్గితే కళ్ళజోళ్ళు, వినికిడి తగ్గితే యంత్రాలు ఉన్నవి. ఆ తగ్గుదలను కొలవడానికి వైద్యుల వద్ద పట్టికలున్నవి. వాసన దగ్గరకు వచ్చేసరికి మాత్రం "బాగుంది", "బాగులేదు" అనే రెండు మాటలతో వ్యవహారం ముగుస్తుంది. రెండూ బాగున్నప్పుడు, పైగా రెండూ ఒకేలా ఉన్నప్పుడు, ఆ మాటలు అక్కరకు రావు.

మిల్టన్ పట్టణం నుండి టొరంటో యూనియన్ స్టేషనుకు గో రైలులో నిత్యం ప్రయాణించే ఒక తెలుగు ఉద్యోగిని ఊహించుకొందాము. సంక్రాంతి కానుకగా అతనికొక సెంటు సీసా కొనాలని ఇంటివారు నిశ్చయించారు. అతడు కోరినది పూల వాసన కాదు. చందనం, వట్టివేరు వంటి కట్టె వాసన, దానిపై మిరియం, ఏలకి వంటి దినుసుల ఘాటు. దుకాణంలో అతని ముందు రెండు సీసాలు నిలిచాయి. ఒకటి కార్టియర్ సంస్థవారి 'డిక్లరేషన్', రెండవది హెర్మెస్ సంస్థవారి 'టెర్ ద హెర్మెస్'. రెండు కాగితపు పట్టీలను మార్చి మార్చి మూచూసేసరికి, ఐదు నిమిషాలలోనే ఏది ఏదో తెలియని స్థితి ఏర్పడింది. ధర తక్కువేమీ కాదు. మూత తీసి వాడిన సీసాను అన్ని దుకాణాలూ తిరిగి తీసుకోవు. ఇంతకు మించిన చిక్కు మరొకటి ఉన్నది. తొందరపడి కొన్న ఆ వాసనను అతడొక్కడే గాక, రైలులో పక్క సీటువారు, కార్యాలయంలో ఎదుటి బల్లవారు కూడ రోజంతా భరించవలసి ఉంటుంది.

ఒకే చేయి, వేరు పాళ్ళు

ఈ తికమకకు న్యాయమైన కారణమే ఉన్నది. ఆ రెండింటినీ కూర్చినది ఒకే వ్యక్తి. ఫ్రాన్సు దేశపు పరిమళాల పట్టణమైన గ్రాస్‌లో 1947లో జన్మించిన జాన్ క్లోద్ ఎలెనా, 1998లో డిక్లరేషన్‌ను, 2006లో టెర్ ద హెర్మెస్‌ను రూపొందించాడు. తక్కువ ద్రవ్యాలతో స్పష్టమైన పరిమళాన్ని కూర్చడం అతని పద్ధతి. రెండింటిలోను మొదట నారింజ జాతి పండ్ల తొక్క వాసన, నడుమ దినుసుల ఘాటు, చివర కట్టె వాసన కలవు. మొదటిదానిలో ఏలకి ప్రధానం. జీలకర్ర ఛాయను కూడ అనేకులు పసిగట్టారు. రెండవదానిలో మిరియం, వట్టివేరు, చెకుముకి రాళ్ళను రాపాడించినప్పుడు వచ్చే వాసనను తలపించే ఒక పొడితనం ముందుకు వస్తాయి. దినుసుల డబ్బా ఒకటే అయినా ఇద్దరు వదినల చేతి చారు వేరుగా ఉండడం వంటిదే ఇది. ఇక్కడ వదిన కూడ ఒకతే.

కొద్ది ద్రవ్యాలనుండి అనేక పరిమళాలు పుట్టే ఈ లెక్క భారతీయులకు కొత్తది కాదు. ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో 'గంధయుక్తి' అనే అధ్యాయాన్నే రచించాడు. పదహారు ద్రవ్యాలనుండి నాలుగేసి చొప్పున ఏరితే 1820 విధాలు ఏర్పడునని అందులో లెక్కగట్టాడు. ఆ నాలుగింటినీ ఒకటి, రెండు, మూడు, నాలుగు పాళ్ళలో కలపదలచితే, ఏ ద్రవ్యానికి ఏ పాలు అనే ఎంపిక 24 రకాలు. అంటే మొత్తం 43,680 పరిమళాలు! నేటి పరిమళ శిల్పి బల్లపై పదహారు కాదు, వందల కొలది ద్రవ్యాలుంటాయి. వాటిలో పక్కపక్కనే నిలిచే రెండు కూర్పులు ముక్కును మోసగించడంలో ఆశ్చర్యమేమున్నది?

తెలుగునాట కూడ ఈ ద్రవ్యాల విలువ ఎరిగిన వర్తకులు ఉండేవారు. శ్రీనాథ మహాకవి హరవిలాసాన్ని అంకితం పొందిన అవచి తిప్పయసెట్టి, కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలకు సముద్రాంతర దేశాలనుండి కర్పూరాది సుగంధ ద్రవ్యాలను తెప్పించి సమకూర్చినవాడు. సెంటుపై మక్కువ పాశ్చాత్య వ్యామోహమని పెదవి విరిచే పెద్దలకు ఈ మాట చెప్పవచ్చును.

తొక్క ముందు, కట్టె వెనుక

పెండ్లి పందిట్లో చల్లిన పన్నీటి వాసన, అతిథి కుర్చీలో సర్దుకొని కూర్చునేలోపే చెదరిపోతుంది. మెడకు పూసిన గంధం వాసన భోజనాల వేళ వరకు నిలుస్తుంది. దీనికి కారణం బాష్పీభవనం, అనగా అణువులు ద్రవాన్ని విడిచి గాలిలోకి లేచే వేగం. నారింజ తొక్కలోని లిమొనీన్ అణుభారం 136. చందనంలోని శాంటలాల్ అణుభారం 220. తేలికైనవి త్వరగా లేచిపోతాయి. బరువైనవి చర్మాన్ని పట్టుకొని మెల్లమెల్లగా కదలుతాయి. భారం ఒక్కటే నిర్ణాయకం కాదు గాని, మొదటి అంచనాకు అది చాలును. సీసాలో అధిక భాగం ఉండే ఆల్కహాలు అన్నిటికంటె ముందుగా ఎగిరిపోతూ తేలికైన వాసనలను తనతోపాటు ఒక్కసారిగా పైకి లేపుతుంది. హైదరాబాదు చార్మినారు పరిసరాల్లోని సంప్రదాయపు అత్తరులో ఆల్కహాలు ఉండదు, నూనె మాత్రమే ఉంటుంది. అందుచేత అత్తరుకు ఈ తొలి విసురు లేదు. అత్తరుకు అలవాటుపడిన ముక్కుకు పిచికారీ సెంటు మొదట దురుసుగా తోచడం సహజం.

దీనివలన దుకాణంలో జరిగే పొరపాటు ఏమిటో గ్రహించవచ్చు. కాగితపు పట్టీపై మొదటి ఐదు నిమిషాలలో తెలిసేది ముఖ్యంగా ఆల్కహాలు, తొక్క వాసన. అవి కారు నిలిపిన చోటికి చేరేలోపే తగ్గిపోతాయి. తర్వాత ఆరు గంటలపాటు వెంట ఉండేది అడుగున ఉన్న కట్టె వాసన. కొనేది ఒకటి, పరీక్షించేది మరొకటి! రెండు పట్టీలపైనా పేర్లు వ్రాసి, కోటు జేబులో వేర్వేరు కవర్లలో ఉంచుకొని ఇంటికి తెచ్చి, నాలుగు గంటల తర్వాత మూచూస్తే అసలు సంగతి బయటపడుతుంది.

మిల్టన్ వాతావరణం ఈ లెక్కను మరింత చిక్కుపరుస్తుంది. ఉష్ణోగ్రత తగ్గితే బాష్పీభవనం తగ్గుతుంది. జనవరి ఉదయం సున్నాకు పది డిగ్రీల దిగువన, స్టేషను వేదికపై నిలబడినవాని మఫ్లరుపై పడిన సెంటు దాదాపు నిద్రపోతుంది. రైలు పెట్టెలోని వెచ్చదనంలోకి అడుగుపెట్టగానే అది మేల్కొంటుంది. చల్లని వీధిలో చాలలేదనిపించి రెండు పిచికారీలు ఎక్కువగా కొట్టుకొన్నవాడు, ఆ రెండింటినీ రైలులోని తోటి ప్రయాణికులకు పంచినవాడవుతాడు. చలికాలంలో హీటర్ల వలన ఇంటి గాలి పొడిబారి, ముక్కు లోపలి తడి ఆరి, ఘ్రాణశక్తి కొంత మందగించడం కూడ ఉన్నదే. అందువలన జనవరిలో బలహీనమని తోసిపుచ్చినది జూలైలో సరిగ్గా ఉండవచ్చు. జనవరిలో సరిపోయిన మోతాదు, మే నెలలో విజయవాడలోని తమ్మునికి కానుకగా వెళితే, ఆ ఎండలో నలుగురిని దూరంగా జరిపించవచ్చు.

కట్టె పేరు, కట్టె వాసన

"సీడార్" అని సీసా వర్ణనలో కనిపించే మాట తెలుగువారిని ప్రత్యేకంగా తప్పుదారి పట్టిస్తుంది. మిల్టన్ శివార్లలోని రాటిల్‌స్నేక్ పాయింట్ కొండచరియలను చూడ వెళ్ళినవారు, రాతి పగుళ్ళను పట్టుకొని వంకరలు తిరిగిన పొట్టి చెట్లను చూసే ఉంటారు. అవి తూజా జాతికి చెందిన తెల్ల సీడార్లు. నయాగరా ఎస్కార్ప్‌మెంట్ పొడవునా ఇటువంటి చెట్లపై గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1980వ దశకం చివర అధ్యయనం సాగించి, వాటిలో కొన్నింటి వయస్సు వేయేండ్లు దాటినదని కనుగొన్నారు. మనిషి ఎత్తు కూడ లేని చెట్టు, రాజరాజ నరేంద్రుని కాలంనాటిది కావచ్చునన్నమాట! వాటి ఆకు నలిపితే తూజోన్ అనే పదార్థపు కర్పూరం వంటి వాసన వస్తుంది. పురుషుల సెంట్లలో సాధారణంగా చెప్పే సీడార్ ఇది కాదు.

అది రెండు వేర్వేరు చెట్లలో ఒకటి కావచ్చు. వర్జీనియా సీడార్ అనేది నిజానికి జూనిపర్ జాతి చెట్టు. చెక్కిన పెన్సిలు వాసన దానిది, అందులో సెడ్రాల్ ముఖ్యం. అట్లాస్ సీడార్ ఉత్తర ఆఫ్రికా పర్వతాలది, హిమాలయాల దేవదారుకు దగ్గరి బంధువు. ఈ బంధువుల నూనెల్లో ఉండే ముఖ్య పదార్థం హిమచలీన్. ఆ పేరులోనే హిమాచలం ఉన్నది. కనుక తెల్ల సీడార్, పెన్సిలు సీడార్, అట్లాస్ సీడార్ అన్నవి ఒకే పేరుతో మూడు వాసనలు.

ఇటువంటి చిక్కు తెలుగునేలపైనా లేకపోలేదు. శేషాచలం అడవుల రక్తచందనానికి చందనమనే పేరేగాని పరిమళం లేదు. దాని ఘనత రంగులోను, కట్టె నాణ్యతలోను ఉన్నది. శ్రీగంధం వేరే కుటుంబపు చెట్టు. పేరును నమ్మి కొనేవాడు రెండు చోట్లా మోసపోతాడు.

టెర్ ద హెర్మెస్ విషయంలో ఇంకొక మెలిక ఉన్నది. అందులో కట్టె వాసన కేవలం చెట్టునుండి వచ్చినది కాదు. 1970వ దశకంలో అమెరికాలోని ఐ.ఎఫ్.ఎఫ్. సంస్థ రసాయన శాలలో పుట్టిన 'ఐసో ఇ సూపర్' అనే పదార్థాన్ని ఎలెనా అందులో ధారాళంగా వాడాడు. దాని అణుభారం 234. మెత్తని, పొడి కట్టె వాసన. విచిత్రమేమంటే అది కొందరికి మొదట అసలే అందదు. మరికొందరికి వస్తూ పోతూ ఉంటుంది. ధరించినవాడు "వాసన పోయింది" అనుకొంటున్న క్షణంలోనే ప్రక్కవారు "ఏమి సెంటు?" అని అడగడం దీనివలన జరిగే ముచ్చట.

ఎవరి ముక్కు వారిది

1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే శాస్త్రజ్ఞులు వాసనను గ్రహించే గ్రాహకాల జన్యు కుటుంబాన్ని వెల్లడించారు. 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మానవునిలో పనిచేసే గ్రాహకాల రకాలు సుమారు 400. ఒక్కొక్క అణువు అనేక గ్రాహకాలను, ఒక్కొక్క గ్రాహకం అనేక అణువులను గుర్తిస్తుంది. హార్మోనియం మీద స్వరాలు కొన్నే అయినా మీటల కలయికలు అనేకం అయినట్లు, వాసనలు పుడుతున్నవి. వరాహమిహిరుని లెక్క సీసాలోనే గాక ముక్కులోనూ నడుస్తున్నదన్నమాట.

అయితే ఈ 400 మీటలు అందరిలోను ఒకే తీరున లేవు. మిరియం ఇందుకు చక్కని ఉదాహరణ. నాలుకను చురుక్కుమనిపించే పైపరిన్ గాలిలోకి లేవదు గనుక సెంటులో దాని ప్రమేయం లేదు. మిరియాల చారు కాగుతున్నప్పుడు వంటింట్లో తిరిగే వాసన వేరే అణువులది. వాటిలో ముఖ్యమైనది రొటండోన్. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు ద్రాక్షసారాయిలోని మిరియపు వాసనకు మూలమేమని వెదకి దీనిని గుర్తించారు. ఆ సందర్భంలో పరీక్షకు కూర్చున్నవారిలో సుమారు ఐదవ వంతు మందికి, నీటిలో ఎక్కువ మోతాదులో కలిపినా, రొటండోన్ వాసన తెలియలేదు. అంటే మిరియపు ఛాయ వల్లనే తేడా ఉన్న రెండు సెంట్లు, ఐదుగురిలో ఒకరికి ఇంచుమించు ఒకటిగానే తోచవచ్చు. దుకాణంలోని అమ్మకందారు ఎంత వర్ణించినా వారికి ఆ తేడా అందదు. అది రుచిలేమి కాదు, జన్మతో వచ్చినది.

పుట్టుకతో వచ్చినదానిపై పెంపకం మరొక పొర వేస్తుంది. ఏలకి వాసన తెలుగువానికి పరమాన్నం. స్వీడన్ దేశస్థునికి తీపి రొట్టె. జీలకర్ర ఛాయ తగిలితే పాశ్చాత్యులలో కొందరు చెమట వాసనగా పోల్చుతారు. తెలుగింటివాడు మాత్రం పోపు వేగుతున్నదనుకొంటాడు. ఇద్దరి మాటలోను తప్పు లేదు. కనుక పత్రికల వర్ణనలు చదివి సెంటు కొనడం, పక్కింటివారి కళ్ళజోడు పెట్టుకొని చదవడం వంటిది.

ఇంట్లో చేయదగిన పరీక్ష

ఈ తికమకను తీర్చడానికి ఆహార పరిశ్రమలో చిరకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి ఒకటి కలదు. దానిని త్రికోణ పరీక్ష అంటారు. మూడు కాగితపు పట్టీలు తీసుకొని, రెండింటిపై ఒక సెంటు, మూడవదానిపై రెండవ సెంటు వేయాలి. వెనుకవైపు చిన్న గుర్తు పెట్టి, పరీక్షకు కూర్చున్నవానికి తెలియకుండ ఇంట్లో మరొకరు వాటిని కలిపి ఇవ్వాలి. మూడింటిలో వేరుగా ఉన్నది ఏదో చెప్పడమే పని. బాగున్నది ఏదో చెప్పనక్కరలేదు. గుడ్డిగా చెప్పినా మూడుసార్లకు ఒకసారి సరిపోతుంది. అందుకని ఆరుసార్లు చేయాలి. కేవలం అదృష్టంతో ఆరింటిలో ఐదు లేదా ఆరు సరిగ్గా చెప్పే అవకాశం 729కి 13, అనగా నూటికి రెండు కూడ కాదు. ఐదు సరిపోతే ఆ ముక్కుకు తేడా తెలుస్తున్నదని నమ్మవచ్చు. రెండో మూడో మాత్రమే సరిపోతే, ఆ ముక్కుకు అవి రెండూ ఒకటే. చవకైనది కొని మిగిలిన డబ్బు దాచుకొనవచ్చు. పిల్లలకు సంభావ్యతా శాస్త్రం నేర్పడానికి ఇంతకంటె మంచి సాధనం దొరకదు; పట్టీలు కలిపే పని వారికే అప్పగించవచ్చు.

పరీక్షను రెండు విడతలుగా చేయాలి: వేసిన పావుగంటకు ఒకసారి, నాలుగు గంటలకు ఒకసారి. మొదటి విడతలో తేడా స్పష్టంగా తెలిసి, రెండవ విడతలో తెలియకపోవడం ఈ రకపు సెంట్లలో సంభవమే. అప్పుడు తేడా కోసం చెల్లించే ధర తొలి గంటకు మాత్రమే చెల్లిస్తున్నట్లు లెక్క. ప్రతి పట్టీకి నడుమ ఒకటి రెండు నిమిషాలు విరామం అవసరం. కొన్ని దుకాణాల్లో కాఫీ గింజల గిన్నె పెట్టి ముక్కును "కడుగుకోమని" ఇస్తారు. 2011లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో అవి మామూలు గాలి కంటె మెరుగైనవని తేలలేదు. సొంత చొక్కా చేతిని ఒకసారి మూచూస్తే చాలును.

ఈ పరీక్షలో ఎవరికైనా మూడు పట్టీలలో ఒక్కదాని వాసన కూడ అందకపోతే, అది సెంటు ప్రశ్న కాదు. జలుబు లేనప్పుడు వాసన తెలియకపోతే వైద్యుని సంప్రదించాలి. 2020 తర్వాత కోవిడ్ వలన ఘ్రాణశక్తి కోల్పోయి, అది పూర్తిగా తిరిగి రానివారు లోకమంతటా ఉన్నారు. వయస్సుతో మెల్లగా తగ్గినవారికి ఆ సంగతి తెలియనే తెలియదు. మిల్టన్ ఇండ్లలో కొలిమికి, పొయ్యికి వచ్చే సహజ వాయువుకు స్వతహాగా వాసన లేదు. లీకైతే తెలియడం కోసం దుర్వాసన గల గంధక పదార్థాన్ని కలుపుతారు. ఆ హెచ్చరిక అందని పెద్దవారు ఇంట్లో ఉంటే, వాయువును గుర్తించి మోగే యంత్రాన్ని అమర్చుకోవడం సీసా కొనడానికన్నా ముందు జరగవలసిన పని.

చర్మం మీద, నలుగురి నడుమ

పట్టీలలో గెలిచినదానిని చర్మంపై పరీక్షించాలి. రెండు మణికట్లపై రెండు సెంట్లు ఒకేసారి వేయడం వాడుకేగాని, అవి గాలిలో కలిసిపోతాయి. రెండు వేర్వేరు పని దినాలలో వేసుకోవడం మేలు. మణికట్లు రుద్దితే "అణువులు చితికిపోతాయి" అనే మాట వట్టిది. రుద్దడం వలన వేడి పుట్టి తొక్క వాసన కాస్త త్వరగా పోతుంది, అంతే.

మధ్యాహ్నానికి ధరించినవాని ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. సీసా బలహీనమని అతడు మళ్ళీ కొట్టుకొంటాడు. రెండు సెంట్లలో ఏది ఎక్కువసేపు నిలిచిందో ధరించినవాడు చెప్పలేడు. సాయంకాలం ఇంటికి రాగానే గుమ్మంలోనే ఇంటివారు చెప్పవలసినదే. వారి తీర్పు "ఇంకా ఘాటుగా ఉన్నది" అయితే రైలులోని వారి తీర్పు కూడ అదే అయి ఉండాలి. సువాసనల వలన తలనొప్పి, ఆయాసం కలిగేవారు ప్రతి కార్యాలయంలోను ఉంటారు. ఒంటారియోలోని అనేక ఆసుపత్రులు సెంట్లు పూసుకొని రావద్దని సందర్శకులను కోరుతున్నవి. కెనడా మానవ హక్కుల కమిషన్ 2007లోనే ఇటువంటి పర్యావరణ సున్నితత్వాన్ని వైకల్యంగా గుర్తిస్తూ విధానం ప్రకటించింది. ఒకే పోలిక గల రెండింటిలో మెల్లగా మాట్లాడేదానిని ఎంచుకోవడానికి ఇది తగినంత కారణం.

సీసాపై పేరును పూర్తిగా చదవాలి. టెర్ ద హెర్మెస్ పేరుతో 2006 నాటి ఓ ద టాయిలెట్ గాక, 2009లో పర్‌ఫ్యూమ్, 2018లో ఓ ఇంటెన్స్ వెటివెర్ అనేవి వచ్చాయి. ఇవి ఒకే ద్రవం పలుచగా, చిక్కగా ఉన్నవి కావు, వేర్వేరు కూర్పులు. శాంపిలు ఒకదానిదై సీసా మరొకదానిదైతే ఇంతవరకు చేసిన పరీక్ష అంతా వృథా.

చర్మంపై దద్దుర్లు వచ్చేవారు సీసా పెట్టెపై పదార్థాల పట్టికను చూడాలి. లవంగపు యూజినాల్, దాల్చినచెక్క సిన్నమాల్డిహైడ్ వంటివి కొందరికి పడవు. చర్మంపై నిలిచే సరకులలో 0.001 శాతం మించిన అలెర్జీ కారకాలను పేరుతో ప్రకటించవలెనని కెనడా ప్రభుత్వం 2024లో సౌందర్య సాధనాల నిబంధనలను సవరించింది. ఇది 2026 నుండి దశలవారీగా అమలయ్యేట్లు ఏర్పాటైనది. లిమొనీన్, లినలూల్ తాజాగా ఉన్నప్పుడు అంతగా బాధించవు. గాలి సోకి ఆక్సిజనుతో కలిసిన తర్వాతనే వాటినుండి దురద పుట్టించే పదార్థాలు ఏర్పడుతవి. కాబట్టి సీసాను వేడినీటి ఆవిరి నిండే స్నానాల గది అరలో గాక, పెట్టెతో సహా పడకగది బీరువాలో ఉంచాలి. చలికాలంలో కారులో మరచిపోయినా గడ్డకడుతుందన్న భయం లేదు, ఆల్కహాలు సున్నాకు 114 డిగ్రీల దిగువన గాని గడ్డకట్టదు. జూలై ఎండలో మాత్రం కారులో వదలకూడదు. తెరచిన రోజు తేదీని సీసా అడుగున కలంతో వ్రాసి పెట్టుకొంటే, రెండు మూడేండ్ల తర్వాత తొక్క వాసన మారి కటువుగా తోచినప్పుడు, తప్పు ముక్కుదా సీసాదా అన్న సందేహం ఇంటిల్లిపాదికీ తీరుతుంది.